కొనేదొకరు, కరెంటు బిల్లు కట్టేదొకరు



1973 నవంబరు. అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేసిన రోజులు. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. కాలిఫోర్నియాలోని బర్కిలీ ప్రయోగశాలలో ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక శుక్రవారం రాత్రి ఇంటికి బయల్దేరుతూ తన గదిలో లైట్లు ఆర్పాడు. బయటికొచ్చి చూస్తే ఆ అంతస్తులో ఉన్న ఇరవై గదుల్లోనూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పోనీ అవీ ఆర్పుదామని వెళ్తే స్విచ్చులు దొరకలేదు. కొన్ని ఫైళ్ల బీరువాల వెనక ఉన్నాయి, కొన్ని పుస్తకాల అరల వెనక, మరికొన్ని గోడకు అంటించిన పోస్టర్ల కింద. అన్నీ వెతికి ఆర్పేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

రోసెన్‌ఫెల్డ్ సామాన్యుడు కాడు. నోబెల్ గ్రహీత ఎన్రికో ఫెర్మీ దగ్గర పరిశోధన చేసిన చివరి విద్యార్థి. అంతటివాడు కణ భౌతికశాస్త్రాన్ని పక్కన పెట్టి, ఇళ్లల్లో కరెంటు ఎక్కడెక్కడ కారిపోతోందో లెక్కగట్టడం మొదలుపెట్టాడు. 2017లో తొంభయ్యో ఏట కన్నుమూసేదాకా ఆయన ధ్యాస దాని మీదే. ఆయన, ఆయన శిష్యులు వేసిన పునాది మీద లేచినవే ఇవాళ అమెరికాలో కొందరు తీసేయాలంటున్న నిబంధనలు.

ఆ రోజుల్లో వాళ్లు మొదట పట్టుకున్నది ఫ్రిజ్‌ని. 1970ల మొదట్లో అమెరికా ఇంట్లో ఉండే సగటు ఫ్రిజ్ ఏడాదికి సుమారు 1,800 యూనిట్లు తాగేది. దాన్ని విప్పి చూస్తే కారణం తెలిసేది. గోడలు పలచన. వాటి మధ్య నింపిన గాజు పీచు చలిని సరిగ్గా ఆపలేకపోయేది. అందువల్ల బయటి రేకు చల్లబడి, తలుపు అంచుల్లో చెమట పట్టేది. ఆ చెమట కనబడకుండా ఉండేందుకు తయారీదారులు తలుపు చుట్టూ సన్నని హీటర్ తీగ తిప్పారు. చల్లబరచడానికి పుట్టిన యంత్రంలోనే వేడి చేసే తీగ! లోపల మోటారు చల్లబరుస్తుంటే బయట తీగ వెచ్చబెడుతుండేది. రెండింటికీ కరెంటు కాలేది.

రోసెన్‌ఫెల్డ్ శిష్యుడు డేవిడ్ గోల్డ్‌స్టీన్ మార్కెట్లో ఉన్న ఫ్రిజ్‌లన్నిటి ధరనీ, అవి కాల్చే కరెంటునీ ఒక కాగితం మీద గుర్తులుగా పెట్టి చూశాడు. ఎక్కువ ధర పెడితే తక్కువ కరెంటు కాలుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆ రెండింటికీ పొంతనే కనబడలేదు. ఒకే సైజు, ఒకే సౌకర్యాలున్న రెండు ఫ్రిజ్‌లలో ఒకటి రెండోదానికి రెట్టింపు కరెంటు తాగుతున్నా ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొనేవాళ్లకు ఆ సంగతి తెలిసే దారి లేదు. దాంతో కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రిజ్‌లకు మొదటి ప్రమాణాలు తెచ్చింది. వాటి వెనకే దేశమంతటికీ వచ్చాయి. పలచని గోడల స్థానంలో మందపాటి నురుగు వచ్చింది, కంప్రెసర్ మెరుగుపడింది, తలుపు రబ్బరు గట్టిగా పట్టేసింది. ఇప్పటి ఫ్రిజ్ అప్పటిదానికన్నా పెద్దది. ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే చవక కూడా. అయినా సగటున అది కాల్చేది అప్పటిదాంట్లో నాలుగో వంతు.

మంచి ఫ్రిజ్ తయారైతే జనమే కొంటారు కదా, మధ్యలో ప్రభుత్వం నిబంధన దేనికి? నిబంధనలు వద్దనేవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఇదే. పైకి న్యాయంగానే వినిపిస్తుంది. అయితే ఫ్రిజ్ కొనేదెవరో, దాని బిల్లు కట్టేదెవరో చూస్తే ప్రశ్న తిరగబడుతుంది. అమెరికాలో మూడో వంతుకు పైగా కుటుంబాలు అద్దె ఇళ్లల్లో ఉంటాయి. అక్కడ అద్దెకిచ్చే అపార్టుమెంట్లలో ఫ్రిజ్, పొయ్యి, నీళ్ల హీటరు, ఏసీ చాలావరకు యజమానే అమర్చి ఇస్తాడు. అతను దుకాణంలో చూసేది ధర ఒక్కటే. కరెంటు మీటరు అద్దెకున్నవాళ్ల పేరు మీద ఉంటుంది. కొత్త ఇళ్ల సంగతీ అంతే. గోడలో ఎంత ఇన్సులేషన్ నింపాలో, కిటికీకి ఏ అద్దం పెట్టాలో బిల్డర్ తేలుస్తాడు. తర్వాత ముప్పై నలభై ఏళ్లు బిల్లు కట్టేది కొన్నవాళ్లు. గోడలు పూసేశాక లోపలేముందో వాళ్లకు కనబడదు కూడా. దుకాణంలో లేని మనిషి తరఫున నిలబడేదే ప్రమాణం. ఎంపిక స్వేచ్ఛ అన్న మాట చుట్టూ జరుగుతున్న చర్చంతా ఈ మనిషిని మరిచిపోయి జరుగుతోంది.

ఈ నిబంధనలు ఏదో ఒక పార్టీ తెచ్చినవి కావు. ఇప్పుడు వాటిని తీసేయాలని గట్టిగా పట్టుబడుతున్నది రిపబ్లికన్లు. వాటి మీద సంతకాలు పెట్టినవాళ్లలో ఎక్కువమంది కూడా రిపబ్లికన్ అధ్యక్షులే. 1974లో కాలిఫోర్నియా ఇంధన సంఘాన్ని ఏర్పరచిన చట్టం మీద సంతకం చేసింది అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్. 1975లో దేశవ్యాప్త ఇంధన పొదుపు చట్టానికి జెరాల్డ్ ఫోర్డ్, 1992లో షవర్లు, టాయ్‌లెట్ల నీటికి హద్దు పెట్టిన చట్టానికి పెద్ద బుష్, 2007లో బల్బుల చట్టానికి చిన్న బుష్ సంతకాలు చేశారు.

తీసేయాలన్న ప్రయత్నాలూ అంత పాతవే. 1980ల మొదట్లో అధ్యక్షుడైన రీగన్ హయాంలో ఇంధన శాఖ అసలు ప్రమాణాలే అక్కర్లేదని తేల్చింది. 1985లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఈలోగా ఒక్కో రాష్ట్రం సొంత నిబంధనలు తెచ్చుకోసాగింది. రాష్ట్రానికో రకం ఫ్రిజ్ తయారు చేయాలంటే కంపెనీలకు తలకు మించిన భారం. దాంతో తయారీదారులే పర్యావరణ సంఘాలతో కూర్చుని దేశమంతటికీ ఒకే ప్రమాణం కావాలని ఒప్పందానికొచ్చారు. ఆ ఒప్పందం మీద వచ్చిన బిల్లును 1986లో రీగన్ ఆమోదించకుండా వదిలేశారు. కాంగ్రెస్ మళ్లీ పంపింది. 1987 మార్చిలో సంతకం చేయక తప్పలేదు.

ఆ చట్టంలో ఒక కీలకమైన మాట ఉంది. ఒకసారి పెంచిన ప్రమాణాన్ని ఇంధన శాఖ మళ్లీ తగ్గించకూడదు. దాని బలం ఎంతో తెలిసింది 2004లో. క్లింటన్ దిగిపోయే ముందు, 2001 జనవరిలో, ఇళ్ల సెంట్రల్ ఏసీల కనీస ఇంధన సామర్థ్య ప్రమాణాన్ని 10 నుంచి 13 స్థాయికి పెంచారు. తర్వాత వచ్చిన బుష్ ప్రభుత్వం దాన్ని 12కు దించింది. పర్యావరణ సంఘాలు, కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. దించడం చెల్లదని అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. 2006 నుంచి 13 స్థాయే అమలైంది. చూడ్డానికి ఒక్క అంకె తేడా. కానీ డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో మే నెల నుంచి సెప్టెంబరు దాకా రాత్రింబవళ్లు ఏసీ తిరిగే ఇంట్లో ఆ అంకె ప్రతి నెలా బిల్లులో కనబడుతుంది. ఆ ఊళ్లల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలను అడిగితే ఎండాకాలం బిల్లు సంగతి వాళ్లే చెబుతారు.

బల్బుల కథ ఇంకా చిత్రమైనది. 2007 చట్టం ఏ రకం బల్బునూ పేరు పెట్టి నిషేధించలేదు. ఇంత వెలుగుకు ఇంతకు మించి కరెంటు కాల్చకూడదంది, అంతే. పాత ఫిలమెంటు బల్బు తాను తాగే కరెంటులో చాలా భాగం వేడిగా పోగొడుతుంది కాబట్టి ఆ హద్దులో ఇమడలేదు. 2011లో ఆ చట్టం రద్దుకు బిల్లు పెడితే ప్రతినిధుల సభలో 233 ఓట్లు వచ్చినా కావలసిన మూడింట రెండొంతుల మద్దతు దొరక్క వీగిపోయింది. ఆ తర్వాత చట్టాన్ని అలాగే ఉంచి, దాని అమలుకు డబ్బు ఇవ్వొద్దంటూ బడ్జెట్ బిల్లుల్లో ఒక వాక్యం చేర్చుతూ వచ్చారు. 2019లో ట్రంప్ ప్రభుత్వం మిగతా భాగాన్నీ ఆపేసింది. 2022లో బైడెన్ ప్రభుత్వం మళ్లీ తెచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి పాత బల్బులు దుకాణాల్లోంచి పోయాయి. అప్పటికే ఎల్‌ఈడీలు చవకైపోయి జనం వాటికి అలవాటు పడ్డారు. ఏళ్ల తరబడి పోరాడి నిలబెట్టుకున్న స్వేచ్ఛ కరెంటు బిల్లు ఎక్కువ కట్టుకునే స్వేచ్ఛే అయింది.

2025లో ఈ ప్రయత్నాలన్నీ ఒక్కసారిగా ఊపందుకున్నాయి. ఏప్రిల్ 9న ట్రంప్ షవర్ల మీద ఒక ఉత్తర్వు ఇచ్చారు. 1992 చట్టం ప్రకారం షవర్ నిమిషానికి రెండున్నర గ్యాలన్లకు, అంటే సుమారు తొమ్మిదిన్నర లీటర్లకు మించి నీళ్లు వదలకూడదు. ఒకే షవర్‌కు నాలుగైదు మూతులుంటే ఆ లెక్క అన్నిటికీ కలిపా, ఒక్కో మూతికా అన్నది తగాదా. ఒక్కో మూతికి అన్నది ట్రంప్ పక్షం. షవర్ అంటే నీళ్ల సంగతే అనిపిస్తుంది గానీ, ఆ నీళ్లను కాచడానికి గ్యాసో కరెంటో ఖర్చవుతుంది. మే 9న గ్యాసుతో నడిచే ట్యాంకు లేని నీళ్ల హీటర్ల ప్రమాణంతో సహా కొన్నిటిని రద్దు చేసే తీర్మానాల మీద సంతకాలయ్యాయి. మే 12న ఇంధన శాఖ ఒకే రోజు 47 చర్యలు ప్రకటించింది. మైక్రోవేవ్‌ల నుంచి బట్టలుతికే యంత్రాల దాకా పలు వస్తువుల ప్రమాణాలు తగ్గించాలనో, తీసేయాలనో ప్రతిపాదనలు. వీటివల్ల 1,100 కోట్ల డాలర్లు ఆదా అవుతాయని, నిబంధనల పుస్తకంలో లక్షా పాతికవేల మాటలు తగ్గుతాయని ఆ శాఖ చెప్పుకుంది. కొత్త యంత్రం కొన్నవాళ్లు రాబోయే పన్నెండు పదిహేనేళ్లు కట్టబోయే బిల్లు మాటలు లెక్కపెడితే తేలేది కాదు. పైగా పెంచిన ప్రమాణాన్ని తగ్గించకూడదన్న 1987 చట్టంలోని ఆ ఒక్క వాక్యం ఇంకా బతికే ఉంది.

అదే నెలలో ఎనర్జీ స్టార్ కార్యక్రమాన్ని మూసేయాలన్న ఆలోచన బయటపడింది. 1992లో పెద్ద బుష్ హయాంలో మొదలైన ఈ నీలం గుర్తు ఎవరినీ బలవంతపెట్టదు. ఈ ఫ్రిజ్, ఈ కిటికీ, ఈ ఇల్లు పొదుపుగా నడుస్తుందని చెబుతుంది, అంతే. దాన్ని ఉంచండంటూ ముందుగానే లేఖ రాసినవాళ్లలో గృహోపకరణాల తయారీదారుల సంఘం, వ్యాపారుల సంఘమైన చాంబర్ ఆఫ్ కామర్స్ ఉన్నాయి. ఎవరిని కాపాడ్డానికి నిబంధనలు తీసేస్తున్నామంటున్నారో, ఆ కంపెనీలే వద్దనడం గమనించాల్సిన సంగతి.

ఇక డబ్బు సంగతి. ఇంటికి ఇన్సులేషన్ వేయించుకున్నా, కిటికీలు మార్చినా, గ్యాసు హీటర్ తీసేసి కరెంటుతో ఇంటిని వెచ్చబెట్టే హీట్‌పంప్ పెట్టించుకున్నా ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చే పద్ధతి 2005లో చిన్న బుష్ సంతకంతో మొదలైంది. మధ్యలో ఆగుతూ సాగుతూ వచ్చింది. 2022లో బైడెన్ కాలపు చట్టం దాన్ని పెంచింది. ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల దాకా, హీట్‌పంప్‌కైతే 2,000 దాకా. ఇంటి మీద సౌర ఫలకాలకు వేరే రాయితీ. 2023 సంవత్సరానికి 34 లక్షల కుటుంబాలు ఈ రెండూ కలిపి 840 కోట్ల డాలర్ల మేర వాడుకున్నాయని అక్కడి ఆర్థిక శాఖ లెక్క. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన పెద్ద పన్నుల చట్టం ఈ రెండు రాయితీలనూ ఆ ఏడాది డిసెంబరు 31తో ముగించింది. 2022 చట్టం 2032 దాకా ఉంటుందని చెప్పిన మాట నమ్ముకుని, ఈ ఏడు కిటికీలు, వచ్చే ఏడు హీట్‌పంప్ అని విడతలుగా పని పెట్టుకున్న కుటుంబాలు మధ్యలో నిలిచిపోయాయి. పొదుపుగా ఇల్లు కట్టే బిల్డర్లకు ఇంటికి 5,000 డాలర్ల దాకా ఇచ్చే రాయితీకి గడువు 2026 జూన్ 30గా పెట్టారు.

ఈ పన్ను రాయితీల మీద విమర్శలో నిజముంది. కట్టాల్సిన పన్ను ఉన్నవాళ్లకే అవి పనికొచ్చేవి. పన్ను పడనంత తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పైసా వచ్చేది కాదు. సొంత ఇల్లు లేనివాళ్లకు అందిన సాయమూ తక్కువే. హీట్‌పంప్‌కు ముందు పదివేల డాలర్లు చేతిలోంచి పెట్టగలిగినవాళ్లే ఎక్కువగా లాభపడ్డారు. సంపన్నులకు సర్కారు సొమ్ము ఎందుకని అడగడం తప్పు కాదు.

అయితే ఈ లోటు పూడ్చడానికే అదే 2022 చట్టంలో 880 కోట్ల డాలర్లతో రిబేట్లు పెట్టారు. పన్నుతో సంబంధం లేదు. కొనేటప్పుడే ధర తగ్గుతుంది. వాటిలో దాదాపు సగం, 450 కోట్ల డాలర్లు, విద్యుత్ ఉపకరణాల రిబేట్లకు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్న కుటుంబమైతే, హీట్‌పంప్‌కు 8,000 డాలర్ల హద్దుకు లోబడి, పూర్తి ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది. అద్దెవాళ్లుండే అపార్టుమెంట్లకూ వర్తిస్తుంది. బిల్లు కట్టేవాళ్ల దాకా నేరుగా చేరే సాయం ఇదే. 2025లో ప్రతినిధుల సభలో పెట్టిన ఇంటి యజమానుల ఇంధన స్వేచ్ఛ బిల్లు తీసేయాలంటున్నది సరిగ్గా ఈ 450 కోట్ల పథకాన్నే. దాంతోపాటు పనివాళ్లకు శిక్షణ ఇచ్చే 20 కోట్లు, కొత్త భవన నియమావళి తెచ్చుకునే రాష్ట్రాలకిచ్చే 100 కోట్లు కూడా. ఉన్నవాళ్లకే అందుతోందని ఒక రాయితీని తప్పుబట్టి, లేనివాళ్లకు అందేదాన్ని కూడా తీసేస్తామనడం ఏ లెక్కకూ నిలబడదు.

నిబంధనలంటే విసుగుపడే వాళ్ల మాటల్లో కాదనలేనివీ ఉన్నాయి. కొత్త అంట్లు తోమే యంత్రాలు ఒక విడతకు రెండు గంటలు దాటి తీసుకుంటున్నాయి. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు కొన్ని వేల డాలర్లు అదనంగా పడితే బ్యాంకు అప్పు దొరకడమే కష్టమవుతుంది. కొన్ని ప్రమాణాలు చాలా తొందరగా మారిపోతున్నాయి. వీటికి గడువులు పెంచవచ్చు, ఒక్కో వస్తువునూ విడిగా చూసి సరిదిద్దవచ్చు. ఇన్నిటిని ఒకేసారి తీసిపారేయాలనడం సరిదిద్దడం కాదు. 2020లో అమెరికా ఇంధన గణాంక సంస్థ జరిపిన సర్వేలో 3 కోట్ల 40 లక్షల కుటుంబాలు, అంటే ప్రతి నాలుగింటిలో ఒకటి కన్నా ఎక్కువ, కరెంటు, గ్యాసు బిల్లులు కట్టలేకో, ఆ భయంతో తిండో మందులో తగ్గించుకునో, ఇంటిని సరిగ్గా వెచ్చగా, చల్లగా ఉంచుకోలేకో అవస్థ పడ్డామని చెప్పాయి. అలాంటి కుటుంబాలు అంట్ల యంత్రం వేగం గురించి ఆలోచించే స్థితిలో లేవు.

నిబంధనలు తీసేస్తే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. బ్రిటన్‌లో చేసి చూశారు. 2016 నుంచి కట్టే కొత్త ఇళ్లన్నీ కర్బన ఉద్గారాలు లేకుండా నడవాలని 2006లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. బిల్డర్లకు పదేళ్లు వ్యవధి ఇచ్చారు. చాలా కంపెనీలు డిజైన్లు సిద్ధం చేసుకున్నాయి. గడువు ఇంకా కొన్ని నెలలుందనగా, 2015 జూలైలో, ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఇళ్ల నిర్మాణం వేగం పెంచాలంటూ ఆ నిబంధన ఎత్తేశారు. పాత ఇళ్లకు ఇన్సులేషన్ వేయించే అప్పు పథకానికీ అదే నెలలో డబ్బు ఆపేశారు. దానికి ముందే, 2013 చివర్లో, బిల్లులు తగ్గిస్తామంటూ పొదుపు పనుల కోసం బిల్లుల్లో వేసే సుంకాలు కోశారు. 2012లో ఏడాదికి 20 లక్షలు దాటిన ఇన్సులేషన్ పనులు ఒక్కసారిగా కూలిపోయి మళ్లీ ఆ స్థాయికి లేవలేదు.

తర్వాత 2022 వచ్చింది. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధంతో గ్యాసు ధర ఆకాశానికెక్కింది. 2021 అక్టోబరులో సగటు ఇంటికి 1,277 పౌండ్లుగా ఉన్న వార్షిక బిల్లు పరిమితి, ఏడాది తిరిగేసరికి 3,549 పౌండ్లకు చేరింది. అంత కట్టలేరని ప్రభుత్వమే మధ్యలో దూరి 2,500 దగ్గర ఆపి, మిగతాది ఖజానాలోంచి పోసింది. 2015 తర్వాత కట్టిన కొత్త ఇళ్లల్లో చేరినవాళ్లలో చాలామంది కూడా గ్యాసు బాయిలర్లతోనే ఆ చలికాలం గడిపారు. ఆ ఇళ్లు కట్టిన కంపెనీలు ఎప్పుడో అమ్ముకుని వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ గోడలను మళ్లీ విప్పి, ఇన్సులేషన్ పెంచి, హీట్‌పంప్ పెట్టాలంటే కట్టేటప్పుడు పెట్టాల్సిన ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. అదీ ఇంట్లో ఉన్నవాళ్ల నెత్తినే.

మన దగ్గర ఈ చరిత్ర చిన్నది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2006లో నక్షత్రాల లేబుల్ మొదలుపెట్టింది. 2010 నుంచి ఏసీలకు, మంచు పట్టని ఫ్రిజ్‌లకు అది తప్పనిసరి. 2014లో ప్రభుత్వం 310 రూపాయలకు కొన్న ఎల్‌ఈడీ బల్బు, ఒకేసారి కోట్ల లెక్కన టెండరు పిలిచేసరికి 2016కల్లా 38 రూపాయలకు దిగింది. కానీ ఇళ్ల గోడలు, పైకప్పుల విషయంలో మనం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం. నివాస భవనాల కోసం ఎకో నివాస్ సంహిత 2018లో వచ్చింది. 2022 డిసెంబరులో సవరించిన చట్టం పెద్ద నివాస సముదాయాలనూ నియమావళి కిందికి తెచ్చింది. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దాలతో లేస్తున్న అపార్టుమెంట్లలో ఆ నియమాలు ఎంత మేరకు పాటిస్తారన్నది రెండు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో, మున్సిపల్ అనుమతులిచ్చే అధికారుల చేతిలో ఉంది. అమెరికాలో యాభై ఏళ్ల నిబంధనలను కూల్చడానికి చెబుతున్న కారణాలే రేపు ఇక్కడ అసలు రాకుండా ఆపడానికి చెబుతారు. ఇల్లు ఖరీదవుతుందంటారు. కొనేవాళ్ల ఇష్టమంటారు.

అందుకే ఒక విన్నపం. ఫ్లాటు కొనబోయే శ్రోతలు బిల్డర్‌ను పైకప్పు మీద, పడమటి గోడలో వేడి ఆపడానికి ఏం వాడారని రాతపూర్వకంగా అడగండి. అద్దెకు దిగేవాళ్లు యజమాని ఇచ్చే ఏసీ, ఫ్రిజ్ మీద నక్షత్రాల లేబుల్ ఉందో లేదో, ఏడాదికి ఎన్ని యూనిట్లని దాని మీద రాశారో చూసి, మీరు కడుతున్న యూనిట్ ధరతో గుణించి, ఆ మొత్తాన్ని అద్దెకు కలుపుకుని బేరమాడండి. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు కూడా చెప్పండి. అక్కడి ఉపకరణాల మీద ఉండే పసుపు లేబుల్ ఏడాదికి అయ్యే ఖర్చును డాలర్లలోనే చూపిస్తుంది. ఇంధన శాఖ ప్రమాణాల మార్పును ప్రతిపాదించినప్పుడు ప్రజల అభిప్రాయం కోరడం అక్కడి పద్ధతి. అద్దెకున్నవాళ్లయినా సరే, రాయవచ్చు.